కోనసీమలో కట్టించుకున్న సొరుగులు

అనంతపురంలో మా వీధిలో అడిగినవాళ్లందరికీ ఉన్నమాటే చెప్పాను, జీపుకి సొరుగులు కట్టించుకోవడానికి కోనసీమ వెళ్తున్నామని. ఒక్కరూ నమ్మలేదు. "సొరుగుల కోసం అంత దూరమా? మన ఊర్లో వడ్రంగులే లేరా?" అంది పక్కింటి లలితమ్మ. కొబ్బరిచెట్లు చూడ్డానికి పోతూ ఏదో సాకు చెబుతున్నాననుకుంది. తిరిగి వచ్చాక ఆవిడని అరుగు మీద కూర్చోబెట్టి చెప్పిందంతా ఇక్కడ ఇంకాస్త వివరంగా రాస్తున్నాను.

మా ఆయన రామ్మోహన్ భూగర్భ జలాల సర్వే చేసేవారు. ఎక్కడ బోరు వేస్తే నీళ్లు పడతాయో రైతులకు చెప్పడం ఆయన పని. గుట్టలూ వంకలూ ఎక్కి దిగాలి కాబట్టి, రోడ్డు లేనిచోట కూడా పోగల జీపు కొనుక్కున్నారు. ఒకరోజు కదిరి దగ్గర గుట్ట మీద కాలు జారి పడ్డారు. నడుము కింద నుంచి స్పర్శ పోయింది. అప్పటినుంచి చక్రాల కుర్చీ.

జీపు అమ్మడానికి ఆయన ఒప్పుకోలేదు. బెంగళూరులో చేత్తోనే బ్రేకు, ఎక్సలరేటరు వేసే లివర్లు పెట్టించాం, అనుమతులు తెచ్చుకున్నాం. కుర్చీలోంచి పక్కనున్న మడత పలక మీదికి, పలక మీదినుంచి డ్రైవరు సీట్లోకి చేతుల బలంతో ఆయనే ఎక్కుతారు. నడపడం మునుపటిలాగే నడుపుతారు. చిక్కల్లా ఒక్కటే. ఆయన ఎక్కాక కుర్చీ కింద మిగిలిపోతుంది. దాన్ని మడిచి వెనక పెట్టడానికి ఇంకొకరు ఉండాలి. ఆ ఇంకొకరు నేనే.

బెంగళూరు ఆస్పత్రిలో ఆయనకి వ్యాయామాలు చేయించే నర్సుది రాజోలు. ఈ బాధ విని, "మా బాబాయిగారు మస్కట్‌లో ఎడారిలో తిరిగే బళ్లకి సొరుగులు, అరలు కట్టేవారండి. ఇప్పుడు వచ్చేసి ఊళ్లోనే షెడ్డు పెట్టుకున్నారు. ఓసారి మాట్లాడండి" అంది. ఫోన్ చేశాం. ఆయన పేరు ఏసురత్నం. గొంతు ఎంత పెద్దదంటే ఫోను చెవికి దూరంగా పెట్టుకోవాల్సి వచ్చింది.

"బండిని చూడకుండా చెప్పలేనండి. బాబుగారిని చూడకుండా అసలు చెప్పలేనండి. ఇద్దర్నీ తీసుకొచ్చేయండి," అన్నాడు.

రావులపాలెం

దారంతా రాయను. గోదావరి వంతెన దాటి రావులపాలెంలో టిఫిను కోసం ఆగాం. అక్కడ జరిగింది మాత్రం చెప్పాలి, ఎందుకంటే మేము ఇంత దూరం ఎందుకు వచ్చామో అక్కడ నిలబడి చూసినవాళ్లందరికీ తెలిసిపోయింది.

కుర్చీ జీపులో అన్నిటికంటే అడుగున ఉంది. అది తియ్యాలంటే పైనున్నవన్నీ రోడ్డు మీద పెట్టాలి. నీళ్ల క్యాన్లు, గ్యాసు స్టవ్వు, పరుపు, బట్టల సంచులు, చివరికి ఆయన బాత్రూముకి వాడే ప్లాస్టిక్ స్టూలు. దాని నడిమధ్య రంధ్రం చూస్తే అది దేనికో ఎవరికైనా తెలిసిపోతుంది. అరటిగెలల లారీల దగ్గర నిలబడ్డవాళ్లు అటే చూస్తున్నారు. ఎవరూ నవ్వలేదు. ఆ మాట నిజంగా చెప్పాలి. ఇద్దరు ముందుకు వచ్చి క్యాన్లు పట్టుకున్నారు. హోటలాయన బయటికి వచ్చి, "బాబుగారూ, మీరు దిగి శ్రమపడకండి. బండి దగ్గరికే పంపించేస్తానండి," అన్నాడు.

"వద్దు. బల్ల దగ్గర కూర్చునే తింటాను," అన్నారు మా ఆయన. స్టూలు కేసి చూడకుండా అన్నారు.

పెసరట్టు తిన్నారు కానీ మంచినీళ్లు ముట్టుకోలేదు. ప్రయాణాల్లో ఆయన నీళ్లు తాగరు. తాగితే మధ్యలో ఆగాలి, ఆగితే ఇదంతా మళ్లీ రోడ్డు మీద పరవాలి. మూత్రపిండాలకి మంచిది కాదని డాక్టరు ఎన్నిసార్లు చెప్పినా అంతే. ఊరూరికీ నీళ్లు చూపించిన మనిషి నోరెండబెట్టుకుని కూర్చుంటే పక్కన కూర్చుని గ్లాసు ఎత్తడానికి నాకు మనసొప్పేది కాదు. నేనూ తాగేదాన్ని కాదు.

కొత్తపేట

ఆ సాయంత్రం కొత్తపేటలో ఆగాం. మెట్లు లేని గది దొరికేసరికి పొద్దు వాలింది. గది ఎదురుగా టీ కొట్టు, కొట్టు వెనక కాలువ. మా ఊళ్లో కాలువలో నీళ్లొస్తే జనం గట్టు మీదికి వెళ్లి చూస్తారు. ఇక్కడ కాలువ నిండా నీళ్లు పోతుంటే దానికి వీపు పెట్టి కూర్చుని పేపరు చదువుకుంటున్నారు.

టీ కొట్టు బల్ల మీదున్న ఒక పెద్దాయన మా ఆయన్ని పలకరించాడు. "ఏ ఊరండి మనది?"

"అనంతపురం."

"అబ్బో. ఏం చేస్తుంటారండి?"

"నీళ్లు ఎక్కడున్నాయో చెబుతుంటాను."

పెద్దాయనకి అర్థం కాలేదు. కాసేపు ఆలోచించి, వెనక్కి తిరిగి కాలువని చూపించాడు. "అదిగోనండి," అన్నాడు, పాపం ఈయనకి కనబడలేదేమో అన్నట్టు.

మా ఆయన నవ్వారు. పడ్డ తర్వాత అలా మనసారా నవ్వడం నేను చూడలేదు. మా వైపు ఎన్ని వందల అడుగులు తవ్వితే తడి తగులుతుందో ఆయన చెబుతుంటే, పెద్దాయన టీ చల్లారిపోయేదాకా విన్నాడు. "మరైతే మీరు బియ్యం ఎలా కడుగుతారండి?" అని అడిగాడు. ఆ ప్రశ్నకి ఇద్దరూ కలిసి నవ్వారు. మా టీలకి డబ్బులు ఆయనే ఇచ్చేశాడు. మేము వద్దంటే, "నీళ్లు లేని ఊరి నుంచి వచ్చేరు, టీ కూడా ఇవ్వకపోతే ఎలాగండి," అన్నాడు.

అంబాజీపేట

మర్నాడు పొద్దున్నే బయల్దేరి అంబాజీపేటలో పొట్టిక్కలు తిన్నాం. పనసాకులు బుట్టలా కుట్టి, అందులో ఇడ్లీపిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. ఆకు ఒలుస్తుంటే పనసాకు వాసన ఆవిరితో కలిసి ముఖానికి కొడుతుంది. మాకు పొద్దున్నే బొరుగుల ఉగ్గాని, బజ్జీ కారంగా ఉంటేగాని టిఫిను తిన్నట్టుండదు. ఈ మెత్తదనం కొత్త. అల్లప్పచ్చడి మాత్రం ఇంకో రెండుసార్లు వేయించుకున్నాను. సామాను మళ్లీ రోడ్డు మీద పరవడానికి ఆయన ఒప్పుకోలేదు, బండి దిగకుండా తినాల్సి వచ్చింది కాబట్టి, హోటలావిడే ఆకులు ఒలిచి గిన్నెలో పెట్టి కిటికీలోంచి అందించింది. కొబ్బరిబొండాలు మా ఊరి ధరకి సగం కూడా లేవు. ఆశ ఆపుకోలేక నేను ఒకటి తాగాను. ఆయన తాగలేదు.

రాజోలు

ఏసురత్నం గారి షెడ్డు రాజోలు ఊరి చివర, ఆయన ఇంటి పక్కనే ఉంది. ఆయనే రోడ్డు మీదికి ఎదురొచ్చాడు. ఆరడుగుల మనిషి. మస్కట్‌లో వేసుకున్న, చొక్కా ప్యాంటు కలిపి కుట్టిన నీలం రంగు కవరాలే ఇప్పటికీ వేసుకుంటాడు. మా జీపు చుట్టూ రెండుసార్లు తిరిగి, వెనక డోరు తీసి, లోపల కుక్కిన సామాను చూసి, "ఖలాస్" అన్నాడు. అరబ్బీలో 'అయిపోయింది' అనట. ఏ పని మొదలుపెట్టినా, ముగించినా ఆయన అనేది అదే మాట.

ఆయన భార్య సువార్త గారు అక్కడి స్కూల్లో టీచరు. ఫోన్లో ఒకసారి నన్ను కుర్చీ వెడల్పు ఎంతని అడిగింది. జీపు కోసమేమో అనుకుని చెప్పాను. ఇంట్లోకి వెళ్లేసరికి గుమ్మానికి వాలుగా పలక బిగించి ఉంది. ముందు గది మాకు ఖాళీ చేశారు. బాత్రూముకి తలుపు లేదు. మందపాటి కర్టెను వేలాడుతోంది.

"తలుపూ ద్వారబంధం ఉంటే కుర్చీ పట్టదండి. అందుకని తీయించేసేం," అంది సువార్త గారు.

"అయ్యో, మా కోసం తలుపు పీకించారా?" అన్నాను.

"ఆయ్. దానిదేముందండి, తలుపు ఎక్కడికీ పోదు. మళ్లీ పెట్టుకోవచ్చు. ముందు కాళ్లు కడుక్కోండి, భోజనం చేద్దురుగాని."

ముఖం ఎరగని మనుషుల కోసం ఇంట్లో తలుపు తీయించినవాళ్లని నేను అంతకుముందు చూడలేదు. ఆ మధ్యాహ్నం పనసపొట్టు కూర, చేపల పులుసు, గడ్డపెరుగు పెట్టారు. మా ఆయన రెండు గ్లాసుల నీళ్లు తాగారు. ఎవరూ చూడలేదనుకున్నాను. సువార్త గారు చూసింది. మూడో గ్లాసు నింపి పక్కన పెట్టింది.

భోజనం కాగానే ఏసురత్నం గారు టేపు తెచ్చి జీపు కొలిచాడు, కుర్చీ కొలిచాడు, మా ఆయన చెయ్యి ఎంత దూరం అందుతుందో కొలిచాడు. ఇద్దరూ కూర్చుని బొమ్మలు గీశారు. వెనక రెండు పొడుగాటి సొరుగులు. ఎడమదాంట్లో వంట సామాను. కుడిదాంట్లో ఆయన మందులు, మూత్రపు సంచులు, ఆ స్టూలు మడిచి పెట్టే అర, మరుగు కోసం చుట్టూ కట్టుకునే గుడారం గుడ్డ. కుర్చీలో కూర్చుని లాగితే సొరుగు ఒడి ఎత్తులో బయటికి రావాలి. సొరుగుల పైన పడుకోవడానికి పలక. ఇక కుర్చీ సంగతి. వెనక సీటు తీసేసి, డ్రైవరు వెనకున్న తలుపులోంచి పక్కకి జారి బయటికి వచ్చే పలక ఒకటి పెడతారు. బ్యాటరీతో తిరిగే చిన్న మోటారు, దానికి బెల్టు, బెల్టు చివర కొక్కెం. మా ఆయన సీట్లోకి ఎక్కి, కుర్చీని మడిచి కొక్కేనికి తగిలించి మీట నొక్కితే కుర్చీ పైకి లేచి పలక మీదికి చేరి లోపలికి పోతుంది.

బొమ్మ గీయడం మాటల్లో చెప్పినంత శాంతంగా జరగలేదు. ఆయన ఇనుము అంటే ఈయన అల్యూమినియం అన్నారు. ఈయన కుడి అంటే ఆయన ఎడమ అన్నాడు. సువార్త గారు తలుపు దగ్గర నిలబడి విని, నాతో అంది: "ఒకళ్ల మాట ఒకళ్లు వినట్లేదండి. బాగా కలిసేరు."

అమలాపురం

సరుకు కోసం అమలాపురం వెళ్లాం. నీళ్లలో నానినా ఉబ్బని ప్లైవుడ్డు, బరువు మోసే సొరుగు పట్టాలు, లోపల అంటించే కార్పెట్టు, బోల్టులు. కొట్లో మెట్లుంటాయని నేను దిగబోయాను. ఏసురత్నం గారు నన్ను ఆపి, కొట్టాయన్నే బయటికి పిలిచాడు. "ఏవండీ, బాబుగారు చూసుకుని తీసుకుంటారు, పట్టాలు ఇక్కడికి తెప్పించండి." కొట్టాయన రకరకాల పట్టాలు తెచ్చి జీపు బానెట్టు మీద పరిచాడు. మా ఆయన కుర్చీలోకి దిగి, ఒక్కొక్కటీ లాగి, చెవి దగ్గర పెట్టుకుని శబ్దం విని, తెరిచి, మూసి, ఎంచుకున్నారు. ఆయన అడగడం, కొట్టాయన చెప్పడం, మళ్లీ అడగడం. ఆ కాసేపు నాకు అక్కడ పని లేదు.

మా ఊళ్లో ఏ కొట్టుకి వెళ్లినా, "సారుకేం కావాలమ్మా?" అని నన్నడుగుతారు, ఆయన ఎదురుగా ఉండగానే. ఇక్కడ అలా ఎవరూ అడగలేదు. వీళ్లు మంచివాళ్లు, మావాళ్లు చెడ్డవాళ్లు అనడం లేదు. ఏసురత్నం గారు "బాబుగారు చూసుకుని తీసుకుంటారు" అన్న తీరు అలాంటిది. దాంతో అందరూ ఆయనతోనే మాట్లాడారు.

నాకు పని లేక బజారులో తిరిగాను. ఎంత కాలమైందో ఒక్కదాన్నే అలా తిరిగి. పూతరేకులు కొన్నాను. గాజుల కొట్టు ముందు ఊరికే నిలబడ్డాను.

ఏటిగట్టు

తర్వాతి రోజుల్లో షెడ్డులో రంపం, గ్రైండరు మోగుతూనే ఉన్నాయి. సొరుగులు బ్రహ్మాండంగా కుదిరాయి. గిన్నెలు గలగలలాడకుండా అడుగున కొబ్బరిపీచు చాపలు పరిచాడు. కుర్చీ పలక, మోటారు కూడా బిగించాక ఏసురత్నం గారు షెడ్డు ముందు పక్కన నిలబడి పదేపదే చేసి చూశాడు. అన్నిసార్లూ కుర్చీ ఏనుగు తొండంతో ఎత్తినట్టు పైకి లేచి లోపలికి వెళ్లింది. ఏసురత్నం గారు "ఖలాస్" అన్నాడు.

"ఒక్కడినే వెళ్లొస్తాను," అన్నారు మా ఆయన.

ఆయన ఒక్కరే బండిలో ఎక్కడికైనా వెళ్లడం పడిన తర్వాత అదే మొదలు. మేము ముగ్గురం ఆటోలో ఏటిగట్టు దాకా వెళ్లి, తూము దగ్గర ఆగాం. జీపు గట్టు మీద ముందుకు సాగి, మలుపు తిరిగి కనబడకుండా పోయింది. కింద గోదావరి పాయ, అవతల ఏటి మధ్య లంకలో పచ్చగడ్డి. నేను జీపు వెళ్లిన వైపే చూస్తున్నాను. నా చేతులు ఊరికే ఉండలేక కొంగు ముడి వేస్తూ విప్పుతూ ఉన్నాయి.

చాలాసేపటికి ఫోను మోగింది.

"శారదా, కుర్చీ పోయింది," అన్నారు.

పరుగెత్తాం. ఏసురత్నం గారు మా అందరికంటే ముందు. మలుపు అవతల జీపు గట్టు మీద నిలబడి ఉంది. మా ఆయన డ్రైవరు సీట్లో తలుపు తెరుచుకుని కూర్చుని ఉన్నారు. దిగడం, కుర్చీలో కూర్చుని ఏటిని చూడటం, మళ్లీ సీట్లోకి ఎక్కడం అన్నీ బాగానే జరిగాయట. కుర్చీ కొక్కేనికి తగిలించి మీట నొక్కారు. గట్టు ఏటివైపు కాస్త వాలుగా ఉంది. కొక్కెం సరిగా పడిందో లేదో సీట్లోంచి ఆయనకి కనబడలేదు. కుర్చీ జానెడు లేచి, జారి, గట్టు కిందికి దొర్లుకుంటూ నీళ్లలో పడింది.

లంకలో గడ్డి కోసుకుని నావలో వస్తున్న ఇద్దరు అప్పటికే దాన్ని బయటికి లాగారు. ఒక చక్రం ఒంకర పోయింది. బురద కారుతోంది. వాళ్లలో పెద్దవాడు దాన్ని భుజం మీద పెట్టుకుని గట్టెక్కి, మా ఆయన ముందు దింపి, తలగుడ్డతో సీటు తుడిచి, "కూర్చోండి బాబుగారూ," అన్నాడు. చక్రం సంగతి అతను చూడలేదు.

కుర్చీ కళ్ల ముందే పోతుంటే లేచి పట్టుకోలేక సీట్లో కూర్చుని చూసిన మనిషికి ఏం చెప్పాలి? నేను భుజం మీద చెయ్యి వేశాను. ఆయన చెయ్యి తీసేశారు, కోపంతో కాదు.

"రేపు ఇంటికి పోదాం. ఈ సొరుగులు చాలు. కుర్చీ నువ్వే పెడుదువు, ఎప్పట్లాగే," అన్నారు.

మళ్లీ రాజోలు

ఆ రాత్రి భోజనాల దగ్గర ఏసురత్నం గారు లేడు. ఆకలి లేదన్నాడట. సువార్త గారు మాకు వడ్డించి, ఆయన కంచం మీద మూత పెట్టింది.

పొద్దున్నే షెడ్డులోంచి కేకలు. "బాబుగారూ! ఓసారి ఇటు రండి!" సైకిలు షాపులో సరిచేయించిన చక్రంతో కుర్చీ గుమ్మం ముందు నిలబెట్టి ఉంది. సరిచేయడానికి ఆ కొట్టు తలుపు ఎప్పుడు తట్టాడో తెలియదు. మా ఆయన అందులోకి మారాక తోసుకుంటూ వెళ్లాను. ఏసురత్నం గారు మా జీపు డ్రైవరు సీట్లో కూర్చుని ఉన్నాడు. రెండు కాళ్లూ తొడల దగ్గరి నుంచి చీలమండల దాకా కొబ్బరితాడుతో కట్టేసుకున్నాడు.

సువార్త గారు చూసి నవ్వబోయి ఆగిపోయింది.

"మస్కట్‌లో నేను కట్టిందంతా రెండు కాళ్ల మీద నిలబడేవాళ్లకండి," అన్నాడాయన. "ఇక్కడ కూడా నిలబడే చూసేను. నిలబడితే కొక్కెం ఎదురుగా ఉంటుందండి. కూర్చుంటే కనబడదు. నిన్న అంత నమ్మకంగా ఖలాస్ అనేసేను. మీరు ఏట్లో పడుంటే నేనేం చేసేవాణ్ణండి?" గొంతు మొదటిసారి చిన్నదైంది. వెంటనే మళ్లీ పెద్దది చేసుకుని, "కాళ్లు కట్టేసుకున్నాను. ఇప్పుడు చెప్పండి, ఎలా వంగాలి? దేన్ని పట్టుకోవాలి? మీకు తెలిసింది నాకు నేర్పండి," అన్నాడు.

మా ఆయన కుర్చీ జీపు దగ్గరికి నడుపుకుంటూ వెళ్లారు.

"ముందు స్టీరింగు వదిలెయ్యండి. ఎడమ చేత్తో పైనున్న పిడి పట్టుకోండి. లేకపోతే పడతారు," అన్నారు.

ఏసురత్నం గారు వంగి, నిజంగానే పడబోయి, మా ఆయన చెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరూ నవ్వారు. ఇక ఇంటికి పోదామన్న మాట మళ్లీ రాలేదు.

ఆ రోజు మధ్యాహ్నానికి పద్ధతి మార్చారు. ముందు కుర్చీ చేతికి బెల్టు ఉచ్చు వేయాలి, ఆ తర్వాతే కొక్కెం. కొక్కెం జారినా ఉచ్చు పట్టుకుని ఉంటుంది. కొక్కెం కనబడేలా తలుపుకి చిన్న అద్దం. అది మా ఆయన ఆలోచన. పలక లోపలివైపుకి వాలి ఉండాలి, బరువు బండి మీదికే రావాలి. అది ఏసురత్నం గారిది. ఉచ్చుకి మెత్తటి గుడ్డ కుట్టింది సువార్త గారు, చేతులు ఒరుసుకుపోకుండా.

ఆదివారం పని ఆపి అందరూ చర్చికి వెళ్లారు. మమ్మల్నీ రమ్మన్నారు. మేము గుళ్లకి వెళ్లేవాళ్లం, చర్చిలో ఎలా కూర్చోవాలో కూడా తెలియదు. చెప్పులు బయట విడవడం ఒక్కటే మా గుడిలాగా అనిపించింది. ఆడవాళ్ల చాప మీద సువార్త గారి పక్కన కూర్చున్నాను. ప్రార్థనలో జబ్బుపడ్డవాళ్ల పేర్లు, గల్ఫులో ఉన్న పిల్లల పేర్లు చదివి, ఆఖర్న పాస్టరుగారు, "అనంతపురం నుంచి వచ్చిన బాబుగారి జీపు కోసం, దాని కొక్కెం కోసం" అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను. మా ఆయన తల వంచుకుని ఉన్నారు. నవ్వు ఆపుకుంటున్నారేమో అనుకున్నాను. తల ఎత్తాక చూస్తే కళ్లు తడిగా ఉన్నాయి.

అంతర్వేది

చివరి పరీక్షకి అంతర్వేది వెళ్లాం, నేను ముందు సీట్లో, వాళ్లిద్దరూ వెనక సొరుగుల పైనున్న పలక మీద కూర్చుని. గోదావరి సముద్రంలో కలిసేచోట ఇసుక. టైర్లలో గాలి కొంచెం తగ్గించాక, "మీరు ముగ్గురూ దిగండి," అన్నారు మా ఆయన. అలా ఆజ్ఞాపించి ఎంత కాలమైందో. దిగాం.

జీపు తీరం వెంబడి వెళ్లిపోయింది. సరుగుడు తోపు దగ్గర సువార్త గారు చాప పరిచి క్యారియరు విప్పింది. కొబ్బరన్నం, వంకాయ కూర. ఏసురత్నం గారు చేతిలో ముద్ద పట్టుకుని నోట్లో పెట్టుకోవడం మర్చిపోయి సముద్రం వైపు చూస్తున్నాడు.

"తినండి. చూస్తుంటే బండి తొందరగా వచ్చేయదు," అంది ఆవిడ. తనూ తినలేదు.

ఎండ పెరిగింది. ఫోను మోగలేదు. మోగకపోవడం మంచిదో కాదో తెలియలేదు. నేను చేద్దామని తీసి, మళ్లీ పెట్టేశాను.

ఆఖరికి జీపు కనబడింది. దగ్గరికి వచ్చాక చూస్తే పక్క సీట్లో ఎవరో ఉన్నారు. ఒక ముసలామె, గంప కింద పెట్టుకునే చుట్టకుదురు తల మీంచి తియ్యకుండానే కూర్చుని ఉంది. జీపు ఆగగానే ఆమె దిగి, మమ్మల్ని చూసి, ఎవరమో అడక్కుండానే మొదలుపెట్టింది.

"ఎండు రొయ్యలు అమ్ముకొస్తన్నానమ్మా. గంప దించుకున్నాను, మళ్లీ ఎత్తుకోలేకపోయేను. ఆటో ఒక్కటీ రాలేదు. ఈ బాబు బండి ఆపేడు. కుర్చీ దింపుకున్నాడు. కుర్చీలోకి దిగేడు. వద్దు బాబూ అంటే వినలేదు. ఇసకలో చక్రాలు దిగబడతా ఉంటే నేను వెనకనించి తోసేను. గంప ఆ పెట్టెలో పెట్టేడు. మళ్లీ బండెక్కి, కుర్చీ ఎక్కించుకున్నాడు. అదంతా తనే చేసుకున్నాడు. అప్పుడు నన్ను ముట్టుకోనివ్వలేదు." ఊపిరి పీల్చుకుని నన్ను చూసింది. "మీ ఆయనా అమ్మా?"

"అవును," అన్నాను.

ఈలోగా మా ఆయన తలుపు తీశారు. పలక బయటికి వచ్చింది. కుర్చీ దిగింది. ఆయన ఉచ్చు తీసి, కుర్చీ విప్పి, మడత పలక మీదినుంచి అందులోకి మారి, కుర్చీని జీపు వెనకవైపుకి నడుపుకుంటూ వచ్చారు. మాలో ఎవరం కదల్లేదు. కుడి సొరుగు లాగారు. అది ఒడి ఎత్తులో బయటికి వచ్చి ఆగింది. గంప తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

ఏసురత్నం గారు సొరుగు మీదికి వంగి వాసన చూశాడు. "ఎండు రొయ్యలండి! కొత్త కార్పెట్టండి!" అని లబలబలాడాడు. సువార్త గారు పగలబడి నవ్వింది. ముసలామె కంగారుపడి, దోసిలినిండా రొయ్యలు తీసి ఏసురత్నం గారి చేతిలో పోసింది, నష్టపరిహారంలా. ఆయన కాదనలేక రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. కళ్లు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. భుజంతో తుడుచుకున్నాడు.

మా ఆయన క్యారియరు కేసి చూసి, "అన్నం ఏమైనా మిగిల్చారా? ఆకలేస్తోంది. ముందు నీళ్లివ్వండి," అన్నారు.

ఇంటికి వచ్చాక

చించినాడ వంతెన మీదుగా తిరిగి వచ్చాం. బయల్దేరేముందు సువార్త గారు ఆవకాయ జాడీ, కొబ్బరికాయల బస్తా ఎడమ సొరుగులో తనే సర్ది పెట్టింది. మేము గేటు దాటుతుంటే ఏసురత్నం గారు బాత్రూము తలుపు భుజాన వేసుకుని లోపలికి వెళ్తూ కనబడ్డాడు. సువార్త గారు వెనకనుంచి కేకేసింది. "దాన్ని అక్కడే ఉంచండి, వీళ్లు మళ్లీ రారా ఏమిటి!" ఆయన తలుపు షెడ్డులోకి మళ్లించాడు.

దారి పొడుగునా మేము ఎన్నిచోట్ల ఆగామో చెప్పలేను. ఆగినచోటల్లా ఆయనే దిగారు. నేను కొన్నిచోట్ల సీట్లోంచి కదల్లేదు, ఒకచోట నిద్రపోయాను.

కుడి సొరుగు రెండుసార్లు సబ్బుపెట్టి కడిగాను. వాసన పోలేదు. మూడోసారి కడగలేదు.

పోయిన వారం పొద్దున్నే ఆయన టిఫిను తిని, సీసాలో నీళ్లు నింపుకుని, కదిరి వైపు ఒక రైతు పొలం చూడాలని ఒక్కరే వెళ్లారు. వీధి మలుపు తిరిగేదాకా గేటు దగ్గర నిలబడ్డాను. లోపలికి వచ్చాక ఈ మాట ఎవరికి చెప్పాలో తోచలేదు. రాజోలుకి ఫోన్ చేశాను. సువార్త గారు ఎత్తింది. వెనక గ్రైండరు చప్పుడు.

"ఆయన ఒక్కరే వెళ్లారండి," అన్నాను.

"ఆయ్," అంది. ఫోను పక్కకి పెట్టి, గట్టిగా కేకేసింది. "ఏవండీ! బాబుగారు ఒక్కరే వెళ్లేరంట!"

గ్రైండరు ఆగిపోయింది.